చైనా చిన్న ఇంజను – కొనుట, పొలమునకు తగినట్లు మార్చుకొనుట

(రైతు శిక్షణ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



నేడు మీతో మాటలాడదలచినది సాళ్ళ నడుమ కలుపు తీయు చిన్న యంత్రమును గూర్చి. దీనిని మీరు పవర్ వీడరు అని పిలుచుచున్నారు. ఎడ్లు తగ్గిపోయినవి. కలుపు అదనులో ఊరంతటికి ఒక్కమారే కూలీలు కావలసివచ్చును. అందుచేత ఈ యంత్రము చాల గ్రామములకు చేరినది. అంగడిలో తక్కువ ధరకు దొరకు వాటిలో అనేకమునకు చైనాలో తయారైన ఇంజనునే అమర్చుచున్నారు. "చైనా సరుకు గదా, ఎన్నాళ్ళుండును?" అని కొందరు త్రోసివేయుదురు. "చవకగా వచ్చినది గదా" అని కొందరు ఏమియు చూడక తెచ్చుకొందురు. ఈ రెండును సరికావు. చవక యంత్రము మన్నుట తయారైన దేశముపై కంటె, వాడువాని చేతిపై ఎక్కువగా ఆధారపడి యుండును.

కొన్నవారు దానిని ఉన్నదున్నట్లు వాడరు. ఒకరు కత్తులు తీయింతురు, ఒకరు చక్రములు మార్తురు, ఒకరు వేగము పెంచుదురు. మార్చుట తప్పు కాదు. కాని ఏది మార్చవలెనో, ఏది మార్చరాదో తెలియవలెను. నేను చెప్పబోవునది క్లుప్తముగా ఇంతే: నేలను తాకు భాగములను మీ పైరుకు తగినట్లు మార్చుకొనుడు, ఇంజను వేగమును, మనిషిని కాపాడు భాగములను ముట్టకుడు.

ఇంజను పేరు చదువుట

ఇంజనుపై 168ఎఫ్, 170ఎఫ్ అను గుర్తులు ఉండును. ఇవి ఊరక వేసినవి కావు. మొదటి అంకె 1 అనగా ఒకటే సిలిండరు. తరువాతి 68 లేక 70 ఆ సిలిండరు లోపలి అడ్డుకొలత, మిల్లీమీటర్లలో. 'ఎఫ్' అనగా గాలితో చల్లబడునది. 168ఎఫ్ రకములో సాధారణమైన 196 సి.సి. ఇంజనుకు పిస్టను నడక 54 మిల్లీమీటర్లు. 68ని 68తో గుణించి, 0.785తో గుణించి, మరల 54తో గుణించినచో 196 సి.సి. వచ్చును. ఇది సుమారు ఆరున్నర గుర్రముల శక్తి గల తరగతి. ఇంతటి ఇంజనుపైననే తొమ్మిది గుర్రముల శక్తి అని కాగితము అంటించి అమ్మజూపినచో, ఆ మాటను నమ్మనక్కర లేదు. లెక్క మీ చేతిలోనే యున్నది.

ఈ ఇంజను రూపము జపాను దేశపు హోండా సంస్థ 1983లో బయటకు తెచ్చిన జి.ఎక్స్. తరగతిని అనుసరించినది. చైనాలో చుంగ్‌చింగ్ నగరము మోటారు సైకిళ్ళకు, ఇట్టి చిన్న ఇంజన్లకు పెద్ద నెలవు. అనేక సంస్థలు ఒకే కొలతలతో చేయుటవలన ప్లగ్గు, కార్బురేటరు, రింగులు, తాడు చుట్ట వంటివి సులభముగా దొరకును. ఇది రైతుకు లాభము. కాని కొలతలన్నియు ఒకటే అని ఎంచరాదు. ఇంజను బయటి ఇరుసు కొన్నిటికి 20 మిల్లీమీటర్లు, కొన్నిటికి ముప్పావు అంగుళము, అనగా 19.05 మిల్లీమీటర్లు. పెద్ద పుల్లీని చిన్న ఇరుసుకు తొడిగి, నడుమ రేకుముక్క దూర్చి బిగించిన పని నిలువదు. అది అదరి, ఇరుసును అరగదీయును. కొనునపుడే ఇరుసు కొలత వ్రాసి ఉంచుకొనుడు.

మీకు అక్కరయా?

యంత్రము వెల ముప్పది వేల రూపాయలని, అది అయిదేండ్లు పని చేయునని లెక్క కొరకు అనుకొందము. ఏటికి ఆరు వేలు. అయిదెకరములలో మూడుసార్లు దున్నినచో పదునైదు ఎకరముల పని అగును; ఎకరమునకు 400 రూపాయలు పడును. ఎకరమున్నరలో రెండుసార్లే వాడినచో ఎకరమునకు 2,000 రూపాయలు పడును. పెట్రోలు, నడుపువాని కూలి, మరమ్మతు దీనికి అదనము. కనుక చిన్న కమతము గలవారు ఇద్దరు ముగ్గురు కలిసి కొనుటయో, బాడుగకు తెచ్చుకొనుటయో మేలు. అప్పు చేసి కొని, ఏడాదిలో పది నెలలు పాకలో ఉంచిన యంత్రము చవకది కాదు.

పనికి పట్టు కాలమును కూడ ముందే లెక్కించవచ్చును. 90 సెంటీమీటర్ల సాళ్ళ పత్తిలో ఎకరమునకు సాళ్ళ మొత్తము పొడవు సుమారు 4,500 మీటర్లు. గంటకు రెండు కిలోమీటర్లు నడచినచో రెండుంబావు గంటలు, మలుపులతో కలిపి మూడు గంటలకు దగ్గరగా పట్టును. 60 సెంటీమీటర్ల సాళ్ళ మొక్కజొన్నలో నడక 6,700 మీటర్లు దాటును. పెట్రోలు ఖర్చు తెలియుటకు తొట్టిని నిండా నింపి, ఎకరము దున్ని, తిరిగి నింపి చూడుడు. అమ్మువాని మాట కంటె ఆ కొలత నమ్మదగినది.

కొనుటకు ముందు యంత్రమునకు పరీక్షా నివేదిక ఉన్నదా అని అడుగుడు. అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ఇట్టి యంత్రములను పరీక్షించుచు, రైతులకు శిక్షణ కూడ ఇచ్చుచున్నది.

మార్చుకొనదగినవి

మొదటిది వెడల్పు. పత్తిలో 60 సెంటీమీటర్ల వెడల్పు కత్తులు నడచినచో ఇరుప్రక్కల 15 సెంటీమీటర్ల చొప్పున మిగులును, అది చాలును. మొక్కజొన్నలో రెండు చివరల కత్తులను సమముగా తీసి 40 సెంటీమీటర్లకు తగ్గింపవలెను. ఒకే ప్రక్క తీసినచో యంత్రము ప్రక్కకు లాగి మొక్కలపై పడును. 30 సెంటీమీటర్ల సాళ్ళ వేరుశనగలో ఈ యంత్రమునకు తావు లేదు. అక్కడ చేతితో నెట్టు ఒంటిచక్రపు పరికరమే తగినది. 45 రోజులు దాటి ఊడలు దిగుచున్నపుడు వేరుశనగ నేలను ఏ పనిముట్టుతోను కదల్పరాదు.

రెండవది లోతు. కలుపుకు నాలుగైదు సెంటీమీటర్లు చాలును. అంతకు మించినచో పైరు ప్రక్కవేళ్ళు తెగును, ఇంజనుపై భారము పెరుగును. లోతును నిర్ణయించు కడ్డీకి ఒకే రంధ్రము ఉన్నచో కమ్మరి చేత మరి రెండు మూడు వేయించుకొనుడు. చిన్న ఖర్చుతో గొప్ప మేలు.

మూడవది చక్రము. నల్లరేగడిలో రబ్బరు చక్రము జారినచో పళ్ళుగల ఇనుప చక్రము వేయించవచ్చును. రేగడి అంటుకొనునంత తడిలోను, పెళ్ళలు లేచునంత ఎండులోను యంత్రము దింపరాదు. పిడికిట పట్టిన మన్ను ఉండయై, తట్టినంతనే విడిపోవు పదునే తగినది.

నాలుగవది పుల్లీ. బరువు మోయు మోటారు సైకిలుకు వెనుక పెద్ద పళ్ళచక్రము వేయించుట మీరెరిగినదే. బెల్టుతో నడచు కలుపు యంత్రమునకును అదే సూత్రము. కత్తుల వైపు పుల్లీ పెద్దదైనచో కత్తులు నెమ్మదిగా, బలముగా తిరుగును. ఇంజను తన వేగమున తాను నడచును. బలము కావలసినపుడు చేయవలసిన మార్పు ఇది.

అయిదవది గాలి వడపోత. ఎర్రనేలల దుమ్ములో కాగితపు వడపోత త్వరగా మూసికొనిపోవును. ఇట్టి ఇంజన్లకు నూనె తొట్టితో కూడిన వడపోత దొరకును. అది వేయించుకొని, నూనెను గీత వరకు ఉంచవలెను.

ఇక ఏ మార్పుతోను లొంగని కలుపు ఒకటి రెండు గలవు. తుంగ దుంపల గొలుసును కత్తులు తెంపినచో ప్రతి దుంపయు మొలకెత్తును. గరిక కణుపు ముక్క ప్రతిదియు వేరు తన్నును. అట్టి మడిలో తడినేలపై ఈ యంత్రము తిప్పుట కలుపును నాటుటయే యగును. వేసవి దుక్కితో దుంపలను, కాండములను ఎండకు వేసి ఏరివేయవలెను. చల్కా నేలను మాటిమాటికి పిండివలె చేసినను ముప్పే. తరువాతి వానకు పైపొర గట్టిపడును.

మార్చరానివి

ఇంజనుకు గవర్నరు అను వేగ నియంత్రణ గలదు. అది వేగమును నిమిషమునకు సుమారు 3,600 చుట్లు దాటనీయదు. దాని స్ప్రింగును లాగికట్టి, పుల్లను వంచి వేగము పెంచు అలవాటు కలదు. మోటారు సైకిళ్ళు బాగుచేయువారు ఒక్కొక్కప్పుడు మంచి తలంపుతోనే ఇట్లు చేయుదురు. కాని ఈ రెండు ఇంజన్ల బ్రతుకు వేరు. మోటారు సైకిలు పరుగెత్తుచు ఎదురుగాలికి చల్లబడును. ఎక్కువ భాగము తేలికగా నడచును. కలుపు యంత్రము నిలువున ఎండలో, పూర్తి బరువుతో గంటల తరబడి నడచును. దానికి గాలి తన చక్రపు రెక్కలనుండియే రావలెను. దీనిలో నూనె పంపు కూడ ఉండదు. పిస్టను కడ్డీ అడుగునున్న చిన్న గరిటె నూనెను చిమ్మును, అంతే. వేగమును నూటికి 20 పాళ్ళు పెంచినచో కడ్డీపై లాగుడు నూటికి 44 పాళ్ళు పెరుగును. ఆ కడ్డీ అల్యూమినియముది. అది విరిగి ఇంజను పెట్టెను చీల్చినచో చవక యంత్రమును మరల కొనవలసినదే.

రెండవది, కత్తులపైనున్న రేకు కప్పు. బురద అంటుచున్నదని దానిని ఊడదీయుచున్నారు. పట్టు విడిచినంతనే యంత్రము ఆగునట్లు అమర్చిన మీటను తాడుతో కట్టివేయుచున్నారు. ఈ రెండును ప్రాణముతో ఆటలు. వెనుకకు నడపునపుడు గట్టో చెట్టో వీపునకు తగిలినచో, యంత్రము మనిషిపైకే వచ్చును. ఆ క్షణమున చేయి విడుచుట ఒక్కటే రక్షణ. మీటను కట్టినవానికి అదియు లేదు. బురద అంటినచో ఇంజను ఆపి, ప్లగ్గు తీగ ఊడదీసి, కర్రతో గీకుడు. పంచె, చీర కొంగు, కండువా జారకుండ కట్టుకొనుడు. చెప్పులతో కాక బూట్లతో నడుపుడు.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. ఇదే ఇంజనుకు నీటి పంపు తగిలించి వాడువారు గలరు. పంపు ఏడు మీటర్ల లోతునకు మించి నీటిని బాగుగా పీల్చలేదు. నీరు క్రిందికి దిగినపుడు ఇంజనునే బావిలోనికి దించుదమను ఆలోచన వచ్చును. ఎన్నడును దించరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. బావిలో నిలిచి దిగినవానిని చంపును; వానిని తీయ దిగినవానిని కూడ చంపును.

పోషణ

క్రొత్త ఇంజను చాలమారులు నూనె లేకయే పెట్టెలో వచ్చును. త్రాడు లాగుటకు ముందు నూనె పోయుడు. ఇందులో సుమారు 600 మిల్లీలీటర్లు పట్టును. గేరు పెట్టెకు వేరుగా నూనె ఉండును, అదియు చూడుడు. మొదటి 20 గంటల పని తరువాత ఇంజను నూనె మార్చవలెను. పిదప ప్రతి 100 గంటలకు మార్చవలెను. ప్రతి ఉదయము నేల చదునుగా ఉన్నచోట నూనె మట్టము చూచుకొనుడు. దుమ్ములో నడచిన దినమున వడపోతను ఆ సాయంకాలమే శుభ్రము చేయుడు. సిలిండరు రెక్కల నడుమ చిక్కిన గడ్డిని తీసివేయుడు. ప్లగ్గు ఎడము 0.7 నుండి 0.8 మిల్లీమీటర్ల వరకు ఉండవలెను.

2025 నాటికి మన దేశములో పెట్రోలులో నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలుపు స్థితి వచ్చినది. ఇథనాలు తేమను పీల్చును. కనుక పని ముగిసిన పిదప తొట్టిని, కార్బురేటరును ఖాళీచేసి ఉంచుడు. మరుసటి కారున ఇంజను అంటుకొనలేదని చెప్పువారిలో చాలమంది ఈ పని మరచినవారే.

ఒక చిన్న పుస్తకము పెట్టుకొని, నడచిన గంటలు, పోసిన పెట్రోలు, మార్చిన నూనె, వేసిన విడిభాగములు వ్రాయుచుండుడు. రెండు కార్లు గడచునప్పటికి ఆ యంత్రము మీకు లాభమో నష్టమో ఆ పుస్తకమే చెప్పును. ఈ కారు పని మొదలు కాకముందే మీ యంత్రమును ఒకసారి చూడుడు: కప్పు ఉన్నదా, మీట విడిగా కదలుచున్నదా, గవర్నరు స్ప్రింగు ఉన్న చోటనే ఉన్నదా? లేనిచో ముందు వాటిని సరిచేయించి, ఆ పిమ్మట పొలములోనికి దింపుడు.