మోకాలి చదువు



ముప్పదియారు సంవత్సరములు బాలురకు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. ఇక నాకు చదువు చెప్పువారు లేరనియే తలచితిని. ఆ తలపు నిరుడు సింగపూరులో, ఒక పునరావాస వైద్యశాలలో, ఇరువదియైదేండ్ల చీనా యువతి చేతిలో తొలగిపోయినది. ఆ కథయే నేటి ప్రసంగము.

మాది శ్రీకాళహస్తి. ఒకవంక స్వర్ణముఖి, ఒకవంక కొండలు. కనుమనాడు కైలాసగిరి ప్రదక్షిణము చేయుట నాకు బాల్యము నుండి అలవాటు. అరువదియేండ్లు దాటిన పిమ్మట కుడిమోకాలు మొరాయించినది. ఎముకల కొనలను కప్పియుండు మెత్తని మృదులాస్థి అరిగిపోయి, ఎముక ఎముకతో రాపాడజొచ్చినది. తైలములు రాచితిని, కాపడములు పెట్టితిని, పట్టీలు చుట్టితిని. తుదకు కన్నప్పకొండ మెట్లను క్రిందనుండి చూచి నమస్కరించి మరలువాడ నైతిని. సింగపూరులో కాపురమున్న కుమార్తెను చూడబోయినపుడు, ఆమెయు అల్లుడును పట్టుపట్టి అచ్చటనే శస్త్రచికిత్స చేయించిరి. అరిగిన కొనలను చెక్కి, వానికి కోబాల్టు క్రోమియముల మిశ్రలోహపు తొడుగులు వేసి, నడుమ పాలిథిలీను పలకను అమర్చుదురు. ఆ పని రెండు గంటలలో ముగిసినది. అసలు పని అటుపిమ్మట ఆరంభమైనది.

నొప్పియున్న అవయవమునకు విశ్రాంతి యీయవలెనని మనవారి నమ్మిక. అచ్చటివారు మరునాడే నన్ను లేపి నిలువబెట్టిరి! నాకు కోపము వచ్చినది. కారణము విన్న పిదప కోపము తగ్గినది. కదలక పడియున్నచో పిక్కలలోని సిరలయందు రక్తము గడ్డకట్టును. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరెనా ప్రాణాపాయము. మరియు కోతమానుచున్నపుడు లోపల ఏర్పడు కొత్తకండ, కదలిక లేనిచో బిగిసిపోవును. బిగిసిన కీలును తరువాత వంచుట కష్టము. కావున మొదటి వారములే విలువైనవి. మోకాలిని పూర్తిగా చాచిన సున్న; కుర్చీలో కూర్చుండ వలెనన్న తొంబది డిగ్రీలు. తొలినాడు కోణమానిని పెట్టి చూడగా నాది ఏబదియైదు. మార్కులు వేయుటయే గాని తెచ్చుకొనుట మరచిన నాకు, ప్రతి ఉదయమును పరీక్షయే.

సిగ్గు మరియొకటి. స్నానము మొదలు సమస్తమునకు పరుల చేయి కావలెను. కుమార్తె కంటె చిన్నదగు ఆ పిల్ల వచ్చి నా పాదమును రెండు చేతులతో పట్టుకొని మెల్లగా వంచునది. మన దేశమున శిష్యుడు గురుపాదములను ముట్టును. ఇచ్చట గురువే శిష్యుని పాదము పట్టుచున్నది! నేను కాలు వెనుకకు తీసికొనగా, “అంకుల్, ఈ కాలు కొన్నాళ్ళు నాది” అని నవ్వినది. మా యూరి కన్నప్ప స్మృతికి వచ్చెను. స్వామికి కన్ను పెట్టుటకై గురుతుగా తన చెప్పుకాలినే ఆ కంటిపై మోపినవాడు. అక్కడ అపచారము లేనపుడు ఇక్కడ మైల యెక్కడిది? నాటినుండి కాలు వెనుకకు తీయలేదు.

ఆమె రాగానే అడుగు తొలిప్రశ్న ఒక్కటే: నొప్పి పదింట ఎంత? సున్న యనగా లేదు. పది యనగా ఓర్వరానిది. నేను ఏడనిన ఏడే. “అంత యుండదులే” అని ఆమె ఒక్కనాడును అనలేదు. ఏడైనచో మందు వేసి, మంచుకట్టి ఉంచి, గంట తాళి వచ్చును. నాలుగైనచో అభ్యాసము. అంతేకాని అభ్యాసము మానుట మాత్రము లేదు. నా ప్రక్కమంచముపై తుంటియెముక విరిగిన చీనా వృద్ధుడొకడు ఉండెను. అచ్చటి పలకలపై ఇంగ్లీషు, చీనా, మలయా భాషలతో పాటు అరవమును కనబడును. మా సీమవాడను గనుక అరవము నాకు వచ్చును, ఆయనకు రాదు. అయినను ప్రతి ప్రాతఃకాలమున ఆయన వ్రేళ్ళెత్తి తన అంకెను చూపును, నేను నాది చూపుదును. ఆయనవి ఎనిమిది నుండి మూడునకు దిగిననాడు నేను చప్పట్లు కొట్టితిని.

మెట్లకు ఆమె చెప్పినది సూత్రప్రాయముగ నున్నది. ఎక్కునపుడు మంచికాలు ముందు, దిగునపుడు నొప్పికాలు ముందు. భారమంతయు ఎప్పుడును మంచికాలిదే. ఇంటిలో పెద్దకొడుకు వలె!

ఆ రాత్రులలో నిదుర రానపుడు రాయవేలూరు జ్ఞప్తికి వచ్చెడిది. మా పాత చిత్తూరు జిల్లావారికి పెద్ద జబ్బన్న వేలూరే దిక్కు. అచ్చటి క్రైస్తవ వైద్య కళాశాలలో మేరీ వర్గీసు అను యువ వైద్యురాలికి 1954లో మోటారు ప్రమాదమున వెన్ను దెబ్బతిని కాళ్ళు చచ్చుపడినవి. ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసినది. పిదప ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమున తానే రోగియై పునరావాస శిక్షణ పొందినది. అంతట న్యూయార్కు వెళ్ళి, హోవర్డు రస్కు అను వైద్యుని యొద్ద ఆ శాస్త్రమునే అభ్యసించి, వేలూరునకు మరలివచ్చి, అట్టివారికి మరల బ్రతుకు నేర్పు విభాగమును నడపినది. 1966లో అచ్చట పునరావాస సంస్థ వెలసినది. 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చినది. పరదేశమున తన నొప్పికి దొరికినదానిని ఆమె మన సీమకు మోసికొని వచ్చినది. నేనేమి తీసికొనిపోవుదును? అని నన్ను నేను ప్రశ్నించుకొంటిని.

జవాబు నాలుగవ వారమున దొరికినది. ఆమె నన్ను గోడకు వీపానించి నిలువుమని, వీపును జార్చుచు కొంచెముగా మోకాళ్ళు వంచుమని చెప్పినది. వంచితిని. అయ్యలారా, అది గోడకుర్చీ! నా బడిలో నేను వేయించిన శిక్ష. పది లెక్కించులోగా తొడలు వణకినవి, నుదుట చెమట పట్టినది. ఆమె నా మోచేతి క్రింద చేయిపెట్టి నిలిచి, “చాలునా?” అని అడిగినది. నేను ఏనాడును ఎవ్వరిని అట్లడుగలేదు.

ముప్పదియేండ్ల క్రిందట ఏడవ తరగతి పిల్లవాడొకడు, “మోకాలు నొస్తా ఉంది సార్” అని కసరత్తు వేళ కూర్చుండిపోయెను. సాకు అనుకొంటిని. పీరియడు ముగియువరకు గోడకుర్చీ వేయించితిని. మరునాడు వాని తండ్రి వచ్చెను. జగడమాడుటకు గాదు. చేతులు కట్టుకొని, “అయివారూ, పిల్లోడికి కీళ్ళజరమంట. నిన్న చెప్పినాడంట, మీరు నమ్మలేదంట. రొండు దినాలు కూచోనియ్యండి” అనెను. కూర్చుండనిచ్చితిని. కాని తప్పు నాదని వానితో ఒక్కమాటయు అనలేదు. గురువు తప్పు ఒప్పుకొన్నచో తరగతి చెడునని మా కాలపు అభిప్రాయము. 2009 నాటి విద్యాహక్కు చట్టము అట్టి శిక్షలను నిషేధించినది. చట్టము నా చేతిని ఆపినది గాని, నా మోకాలు చెప్పువరకు మనసునకు తెలియలేదు.

ఒకే భంగిమ. అచ్చట శిక్ష, ఇచ్చట చికిత్స. భేదమెక్కడ? నొప్పి యన్నవానిని ముందుగా నమ్ముటలో. నమ్మి ఊరకుండరాదు, ఓపినంత చేయించవలెను, ఓపలేనిచోట ఆపవలెను. వైద్యమునకును విద్యకును ఇదియే మూలము.

మోకాళ్ళు అరిగిన వృద్ధసోదరులకు ఒక్క మనవి. ఇందుకు సముద్రములు దాట నక్కరలేదు. తిరుపతిలో దేవస్థానమువారి బర్డ్ వైద్యాలయమునను ఈ చికిత్స జరుగుచున్నది. కాని చికిత్సతో పని ముగిసెనని ఇంటికి పోయి ముసుగు పెట్టకుడు. వైద్యులు చెప్పిన కదలికలను రోజును చేయుడు. నాకు పద్మాసనము ఇక లేదు. పీటకు బదులు కుర్చీపై కూర్చుండి సంధ్య వార్చుచున్నాను. కన్నప్పకొండ మెట్లు మాత్రము మరల ఎక్కితిని.

ఊరు చేరిన రెండవ వారమున చేతికర్రతో తేరువీధి మీదుగా నడచి ఒక అంగడికి పోతిని. ఆనాటి పిల్లవాడే యజమాని, తల నెరసినది. నన్ను చూచి లేచి వచ్చెను. ముప్పదియేండ్లు ఆలస్యమైన మాటను చెప్పితిని. వాడు కొంతసేపు ఊరకుండి, “అట్లా జరిగిందా సార్? నాకు గుర్తులేదే” అనెను. నిజముగ మరచెనో, నాపై దయచే మరచెనో నేనెరుగను. లోపలికి పోయి కుర్చీ తెచ్చి వేసి, “కూర్చోండి సార్, కాలు నొస్తుంది” అనెను.

కూర్చుంటిని. మోకాలు తొంబది డిగ్రీలు వంగినది.