వేంగి రాజుల సర్వీసు రిజిస్టరు
(ఏలూరు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను చరిత్రకారుణ్ణి కాను. ముప్పై రెండేళ్ళు గుమాస్తాగా దస్త్రాలు రాసినవాణ్ణి. ఆ కంటితోనే మన పక్కనున్న పెదవేగిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

బాదామి చాళుక్య చక్రవర్తి రెండవ పులకేశి ఈ సీమను జయించాడు. ఆ పోరులో కునాల సరస్సు, అంటే మన కొల్లేరు, నెత్తురుతో ఎరుపెక్కిందని 634 నాటి ఐహోళె శాసనంలో రవికీర్తి వర్ణించాడు. పులకేశి తన తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుణ్ణి ఇక్కడ నిలిపాడు. 624 ప్రాంతంలో తూర్పు చాళుక్య వంశం మొదలైంది. చిత్రమేమిటంటే, అన్నగారి వంశం 753 ప్రాంతంలో రాష్ట్రకూటుల చేతిలో కూలిపోయింది. తమ్ముడి వంశం ఆ తరువాత కూడా మూడు వందల ఏళ్ళకు పైగా సాగింది.

అందరూ ఘనులేనా? కాదు. ఈ వంశపు రాగి రేకులలో ఎవరెన్నాళ్ళు ఏలారో వరుసగా రాసి ఉంటుంది. గుణగ విజయాదిత్యుడు 44 ఏళ్ళు, చాళుక్య భీముడు 30 ఏళ్ళు. ఇంద్ర భట్టారకుడో, ఏడు రోజులు! తాళపుడు ఒక్క నెల. ఇది అచ్చంగా మన సర్వీసు రిజిస్టరే కదా! 973 నుంచి 999 వరకు గద్దే చేజారింది. చోళ రాజరాజు సాయంతో శక్తివర్మ తిరిగి సంపాదించాడు. నన్నయను ఆదరించిన రాజరాజ నరేంద్రుని కుమారుడే 1070లో కులోత్తుంగుడై చోళ సింహాసనమెక్కాడు.

నిలకడకు గోదావరి, కృష్ణల నడుమ పండే భూమి ఒక కారణం. రెండోది, నా ఉద్దేశంలో, దస్తావేజు. దానమిచ్చినప్పుడు రాజు ఊళ్ళోని కుటుంబీకులను సంబోధించి ఆజ్ఞ తెలిపేవాడు. పొలిమేరలు, చెరువులు, చెట్లతో సహా హద్దులు రాయించేవాడు. రాజు మారినా హద్దు మారలేదు. రైతుకు ఆ ధీమా చాలు.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. రిటైరైనప్పుడు నా రిజిస్టరులో రెండు కాగితాలు లేవు. పదకొండు నెలలు పింఛను లేదు. నేను ఆ ఐదేళ్ళు పనిచేశాననడానికి సాక్ష్యం ఒక పాత మిత్రుడు దాచిన నకలు ఒక్కటే. ఆ పూట అతను లేకపోతే నా ఐదేళ్ళూ లేనట్టే.

అలాగే ఒక రేకు కరిగిపోతే ఒక రాజు, ఒక ఊరు, ఒక హద్దు లేనట్టే. అందుకే నా మనవి. మీ పిల్లలు చేపల చెరువులు తవ్విస్తున్నారు, పునాదులు తీయిస్తున్నారు. మట్టిలో ఉంగరానికి గుచ్చిన రాగి రేకులు, దానిమీద వరాహమూ ‘శ్రీ త్రిభువనాంకుశ’ అనే అక్షరాలూ ఉన్న ముద్ర కనిపిస్తే, పాత సామాన్ల కొట్టుకు తూకానికి వేయనివ్వకండి. 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరు గారికి తెలపాలి. గీకవద్దు, తోమవద్దు, రేకులను విడదీయవద్దు.

రాసినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. రాసింది మాత్రం నిలుస్తుంది. మన బతుకంతా చేసిన పని అదే కదా!