సంతాన వైద్యము – దంపతుల కర్తవ్యము



క్రొత్తగా వివాహమైన దంపతులు ఉద్యోగరీత్యా ఢిల్లీ, ముంబై వంటి నగరములకు చేరి ఏడాది తిరుగకమునుపే స్వస్థలమునుండి ఒక ప్రశ్న బయలుదేరును: "విశేషమేమైనా ఉన్నదా?" పూర్వము అది ఉత్తరమున చివరి పంక్తిగా వచ్చెడిది, నేడు టెలిఫోనులో మొదటి మాటగా వచ్చుచున్నది. అడుగువారిది ఆప్యాయతయే. కాని ఆ ప్రశ్న తరచుగా కోడలి చెవిని పడును. కుమారుని చెవిని పడుట అరుదు. సంతానము లేని స్త్రీకి "గొడ్రాలు" అను కఠినమైన పేరు భాషలో ఉన్నది. సంతానము లేని పురుషునకు నిత్యవ్యవహారములో అట్టి పేరు వినబడదు. ఈ పక్షపాతము మాటతో ఆగక వైద్యమును సైతము పెడదారి పట్టించుచున్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించిన అంచనా ప్రకారము, వయోజనులలో ఇంచుమించు ఆరుగురిలో ఒకరు జీవితమున ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొందురు. కారణము కొందరిలో స్త్రీయందు, కొందరిలో పురుషునియందు, మరికొందరిలో ఇరువురియందును ఉండును. ఎంత వెదకినను కారణము దొరకని దంపతులును కలరు. పురుషునియందలి లోపము ఒంటరిగానో, ఇతర కారణములతో కూడియో ఇంచుమించు సగము జంటలలో కానవచ్చుచున్నది. అట్టిచో ఒకరినే పరీక్షించుట సగము లెక్కనే సరిచూచుట యగును.

సంతాన సాఫల్య కేంద్రమునకు ఎప్పుడు వెళ్లవలెను? ఎట్టి నిరోధక సాధనములను వాడక 12 మాసములు కాపురము చేసినను గర్భము నిలువనిచో వెళ్లవలెను. భార్యకు 35 ఏండ్లు నిండినచో 6 మాసములకు మించి ఆగరాదు. 40 దాటినచో అసలే ఆగరాదు. నెలసరి క్రమము తప్పినను, ఆ దినములలో భరింపరాని నొప్పి యున్నను, పూర్వము క్షయవ్యాధి గాని పొత్తికడుపున శస్త్రచికిత్స గాని జరిగియున్నను వెంటనే వైద్యుని చూడవలెను. పురుషునకు బాల్యమున వృషణము క్రిందికి దిగకుండుట, గవదబిళ్లలతోపాటు వృషణములు వాచుట, క్యాన్సరు చికిత్స జరుగుట మొదలగునవియు అట్టి హెచ్చరికలే. బదిలీల కారణమున వేర్వేరు ఊళ్లలో నివసించుచు నెలకొకమారు కలిసికొను దంపతులు ఆ సంగతిని వైద్యునకు తప్పక తెలుపవలెను. వారి 12 మాసముల లెక్క వేరు.

కేంద్రములో మొదట జరుగునది సంభాషణము. ఇరువురి వయస్సు, బరువు, పూర్వవ్యాధులు, వాడుచున్న మందులు, పొగాకు, మద్యము – వీనిని గురించి అడుగుదురు. దాపరికము లేక చెప్పిన సమాధానమే మంచి చికిత్సకు పునాది.

భర్తకు చేయు ముఖ్యపరీక్ష వీర్యపరీక్ష. దీనికి 2 మొదలు 7 దినముల వరకు సంయమము పాటించి నమూనా ఇచ్చిన చాలును. సూది లేదు, మత్తు లేదు, వ్యయమును స్వల్పమే. శుక్రకణముల సంఖ్య, కదలిక, ఆకారము చూతురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నాటి గ్రంథము మిల్లీలీటరునకు 1 కోటి 60 లక్షల కణములు, నూటికి 42 కదలిక గలవి యుండుటను కనీసపు కొలమానముగా చూపినది. శుక్రకణము తయారగుటకు సుమారు రెండున్నర మాసములు పట్టును గనుక, ఒక్క నివేదిక బాగుగా లేనంతమాత్రమున నిరాశపడక, వైద్యుని సలహాపై కొంతకాలమునకు మరల పరీక్షింపజేసికొనవలెను. కణముల సంఖ్య తగ్గుట పౌరుషము తగ్గుట కానే కాదు.

భార్య విషయమున, అండము నెలనెలా విడుదల యగుచున్నదా, అండాశయములలో అండముల నిలువ ఎట్లున్నది, థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోనులు సరిగా ఉన్నవా అని రక్తపరీక్షలవలనను, స్కానింగు వలనను తెలిసికొందురు. అండవాహికలు తెరచియున్నవో మూసికొన్నవో తెలియుటకు మందు ఎక్కించి ఎక్స్‌రే తీయుదురు. భారతదేశమున ఆ నాళములు మూసికొనుటకు క్షయవ్యాధి ఒక ముఖ్యకారణమగుటచే ఆ దిశగాను విచారింతురు.

ఈ రెండు పట్టికలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో ఏది ముందు జరుగవలెనో వేరుగా చెప్పనక్కరలేదు. అయినను అనేక గృహములలో సులభమైన పరీక్షయే చివరకు జరుగుచున్నది. భార్య మందులు మ్రింగి, సూదులు పొడిపించుకొని, ఉపవాసములు చేసి, మూడేండ్లు గడిచిన పిదప భర్త నమూనా ఇచ్చును. లోపము అప్పుడు బయటపడినచో చికిత్స ఉండవచ్చును గాని, భార్య వయస్సులో గడచిపోయిన మూడేండ్లు తిరిగిరావు.

పరీక్షకు వెళ్లుట యన్న ఐ.వి.ఎఫ్.కు సిద్ధపడుట కాదు. థైరాయిడ్ మాత్రతోనో, అండము విడుదలకు ఇచ్చు మందుతోనో పని నెరవేరిన దంపతులు పెక్కుమంది కలరు. ఐ.వి.ఎఫ్. అవసరమైనచో, ఆ కేంద్రము 2021 నాటి చట్టము ప్రకారము నమోదైనదో కాదో ముందుగా విచారింపవలెను. ఆడ, మగ నిర్ణయించి చెప్పెదమనువారు 1994 చట్టము ననుసరించి నేరస్థులు. వారి గడప త్రొక్కరాదు. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ఐ.వి.ఎఫ్. వ్యయమును షరతులకు లోబడి తిరిగి చెల్లించుటకు 2011లో ఉత్తరువులు వెలువడినవి. షరతులు మారుచుండును గనుక, ఖర్చుచేసిన పిదప ఫైలు నడుపుటకంటె, ముందుగనే నిబంధనలు కనుగొని అనుమతి పొందుట మేలు.

సత్యనారాయణ వ్రతమునకు దంపతులిద్దరును పీటలపై కూర్చుందురు. భర్త లేచిపోయి భార్యనొక్కతెను కూర్చుండబెట్టినచో పురోహితుడే ఒప్పుకొనడు. వైద్యుని ఎదుటనున్న రెండు కుర్చీల విషయమునను పెద్దలు అదే నియమము పాటింపవలెను. అత్తగారు కోడలిని ప్రశ్నించుటకు ముందు, "నాయనా, నీవును పరీక్ష చేయించుకొంటివా?" అని కుమారుని అడిగినచో ఆ ఇంట వైద్యము సరియైన దారిని మొదలైనట్లే.