ఊరి పేరు ఎవరిది?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాస పాఠము)



బిడ్డ పుట్టినచో బంధువులను పిలిచి, బియ్యములో వ్రాసి, చెవిలో చెప్పి పేరు పెట్టుదురు. ఊరు పుట్టినప్పుడు అట్టి ఉత్సవమేదియు జరుగదు. ఎవరో నలుగురు ఒక చెరువు గట్టున గుడిసెలు వేసికొందురు. దారిన పోవువారు ఆ తావును గుర్తించుటకై ఒక మాట వాడుదురు. ఆ మాట పది నోళ్లలో నలిగి, నున్ననై, కొన్నాళ్లకు పేరగును. నేరేడుచర్ల అనునది అట్టి పేరు. చర్ల అనగా చెరువే. నేరేడు చెట్టును, చెరువును ఏనాడో ఒకరు చూచి పలికిన మాట నేటికిని బస్సు పలకపై నిలిచియున్నది. సూర్యాపేట ప్రక్కనున్న పిల్లలమర్రియు అంతే. కాకతీయుల కాలమున అచట గొప్ప శివాలయములు వెలసినవి, శాసనములు చెక్కబడినవి. అయినను ఊరికి పేరిచ్చినది రాజు కాదు, ఊడలు దింపి పిల్లలను కన్న మర్రిచెట్టు.

ఊరి పేర్లన్నియు ఇట్లే పుట్టినచో చెప్పవలసినదేమియు ఉండకపోవును. కాని చెట్టు, చేను, చెరువు ఇచ్చిన పేర్లు కొన్ని. ప్రభువులిచ్చిన పేర్లు కొన్ని. మొదటివి నోటిలో పుట్టి కాగితము మీదికి వచ్చినవి. రెండవవి కాగితము మీద పుట్టి నోటిలోనికి రావలసినవి. కొన్ని వచ్చినవి, కొన్ని రాలేదు. ఎందుకు వచ్చినవి, ఎందుకు రాలేదు అని విచారించుటయే ఈ ఉపన్యాసము యొక్క ఉద్దేశము.

ఈ సీమనే చూడుడు. హుజూర్‌నగర్ అను పేరులో ముందున్న హుజూరు అరబ్బీ నుండి పారసీ ద్వారా వచ్చిన గౌరవ వాచకము. వెనుకనున్న నగరము సంస్కృతము. పలుకువారు తెలుగువారు. మూడు భాషలు ఒక పేరులో ఇరుగుపొరుగు కాపురము చేయుచున్నవి. మిర్యాలగూడలోని గూడ, గూడెమే. సూర్యాపేటకు భానుపురి అనియు వ్యవహారము కలదు. సభలలో, పద్యములలో, సంఘముల పేర్లలో అది వినబడును. కాని బేరమునకు వచ్చిన రైతు భానుపురికి పోవుచున్నానని చెప్పడు. పేటకు పోవుచున్నానని చెప్పును. మూసీ నది కృష్ణలో కలియు వాడపల్లికి వజీరాబాదు అని మరియొక పేరు కలదు. గ్రంథములలో సంగమ స్థలమును చెప్పవలసివచ్చినప్పుడు వజీరాబాదు కనబడును. స్నానమునకు పోవువారికి అది వాడపల్లియే. నిజాము కాలపు రెవెన్యూవారు మాగాణిని తరి అనియు, మెట్టను ఖుష్కి అనియు వ్రాసిరి. ఆ మాటలు రైతు నోట చిరకాలముగా నిలిచి తెలుగు మాటలే అయినవి. పరభాషా పదమైనంత మాత్రమున జనులు దానిని త్రోసివేయలేదు. తమకు పనికివచ్చిన దానిని ఉంచుకొనిరి, పనికిరానిదానిని కాగితమునకు వదలివేసిరి.

ఇక ఈ సీమకు నీరిచ్చిన నాగార్జునసాగరము పేరు కథ వినదగినది. క్రీస్తు శకము మూడవ, నాల్గవ శతాబ్దములలో ఇక్ష్వాకు రాజులు కృష్ణ కుడియొడ్డున కొండల నడిమి లోయలో రాజ్యమేలిరి. వారి శాసనములలో రాజధాని పేరు విజయపురి. ప్రక్కనున్న కొండ పేరు శ్రీపర్వతము. రాజ్యము పోయినది. విజయపురి మట్టిలో కలసినది. ఆ పేరు ఒక్క నోటను మిగులలేదు. కొండను మాత్రము జనులు, బౌద్ధాచార్యుడైన నాగార్జునుని తలచి, నాగార్జునకొండ అని పిలిచిరి. 1926లో అచటి శిథిలములు పండితుల కంటబడి, శాసనములు చదువబడిన పిమ్మట గాని విజయపురి అను మాట తిరిగి లోకమునకు తెలియలేదు.

కృష్ణకు ఆనకట్ట కట్టవలెనని తలచినప్పుడు స్థలము నందికొండ గ్రామము చెంత కుదిరినది. కనుక దానిని తొలుత నందికొండ ప్రాజెక్టు అనిరి. 1955 డిసెంబరు 10న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నిర్మాణము నాగార్జునసాగర్ అను పేరుతో ప్రసిద్ధమైనది. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలిరి. కుడి కాలువకు జవహర్ కాలువ అనియు, ఎడమ కాలువకు లాల్‌బహదూర్ కాలువ అనియు పేర్లు పెట్టిరి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ రైతులు ఆ మహనీయులయెడ గౌరవము లేనివారు కారు. అయినను తెల్లవారి మడికి నీరు పెట్టబోవునప్పుడు వారు అనునది ఎడమ కాలువ అనియే.

ఆనకట్ట పనివారికై వెలసిన కాలనీలకు విజయపురి పేరు పెట్టిరి. పదునారు వందల ఏండ్లు మట్టిలో నిద్రించిన పేరు ఇట్లు మేల్కొన్నది. శంకుస్థాపన జ్ఞాపకార్థము నిలిపిన పైలాను చెంతనున్న వాడ పైలాను కాలనీ అయినది. కొండమీది వాడ హిల్ కాలనీ అయినది. ఇవి ఇంగ్లీషు మాటలే. కాని అచట పుట్టి పెరిగినవారికి అవి తల్లిగారి ఊరి పేర్లు. మరి నందికొండ? ప్రాజెక్టునకు తొలి పేరిచ్చిన ఆ ఊరిని లోకము మరచినది. అరువది ఏండ్లకు పైగా గడచిన పిమ్మట, 2018లో, అచట పురపాలక సంఘమును ఏర్పరచినప్పుడు దానికి నందికొండ పురపాలక సంఘమని పేరు పెట్టిరి. 2022లో అచట ప్రారంభమైన బుద్ధవనమునకు శ్రీపర్వతారామమను పేరును వాడిరి. పోయిన పేర్లు రెండును ఇట్లు తిరిగి వచ్చినవి.

ఈ రెండు పేర్లు ఏల తిరిగి రాగలిగినవి? ఒకటి రాతిమీద చెక్కబడియుండెను. ఒకటి కాగితము మీద వ్రాయబడియుండెను. వ్రాత లేనిచో విజయపురి నేటికిని లేదు. ఈ మాటను మనసున ఉంచుకొని కొంచెము దూరదేశము పోయి చూతము.

ఐర్లండు చిన్న ద్వీపము. అచటి స్వభాష ఐరిషు, ఏలినవారు ఆంగ్లేయులు. 1820వ దశకమున ప్రభుత్వము ఆ దేశమంతటిని గొలుసులతో కొలిపించి పటములు గీయించినది. పటమునకు పేర్లు కావలెను గదా! ఐరిషు పేర్లను ఇంగ్లీషు చెవితో విని, ఇంగ్లీషు అక్షరములతో వ్రాసిరి. పేర్లకు అర్థములను విచారించి వ్రాసియుంచిన జాన్ ఓడొనొవన్ వంటి పండితులు అందు పనిచేసిరి. అది గొప్ప మేలు. కాని పటములో నిలిచినది అర్థము పోయిన శబ్దము మాత్రమే. ఊరు అను అర్థముగల బల్య అను మాట బాలీ అయినది. బెజవాడను, కాకినాడను, రాజమహేంద్రవరమును దొరలు తమ నాలుకకు అనువుగా మార్చి వ్రాసినదానికి ఇది అన్నగారి వంటిది.

కొన్ని ఊళ్లకు పూర్తిగా క్రొత్త పేర్లే పెట్టిరి. 1821లో జార్జి రాజు వచ్చిపోయెనని డన్‌లీరీ అను రేవును కింగ్స్‌టౌన్ అనిరి. 1849లో విక్టోరియా రాణి వచ్చెనని కోవ్ అను రేవును క్వీన్స్‌టౌన్ అనిరి. 1912లో టైటానిక్ ఓడ చివరిగా ఆగినది ఈ క్వీన్స్‌టౌనులోనే. స్వాతంత్ర్యపోరాటము సాగుచుండగా 1920లో ఆ రెండు ఊళ్లును పాత పేర్లనే తిరిగి తెచ్చుకొన్నవి. డెర్రీ అను పట్టణమునకు 1613లో రాజశాసనముతో లండన్ పేరు ముందు చేర్చి లండన్‌డెర్రీ అనిరి. నేటికిని అచట ఒక పక్షమువారు డెర్రీ అందురు, మరియొక పక్షమువారు లండన్‌డెర్రీ అందురు. ఊరి పేరు పలికినంతనే మనిషి ఏ పక్షమువాడో తెలిసిపోవును. అంతకంటె ఇక్కట్టు మరేమి కావలెను?

ఇంతవరకు విన్నవారు, పరులు పెట్టిన పేర్లనన్నిటిని తీసివేసి స్వభాషా నామములను తెచ్చినచో సరిపోవునని తలంపవచ్చును. డింగిల్ అను చిన్న రేవు కథ అట్లు తలంపవద్దని చెప్పుచున్నది. అది ఐరిషు మాటలాడు సీమ. 2005లో ప్రభుత్వము ఉత్తరువు వేసి, పలకల మీద, పటములలో ఇంగ్లీషు రూపమును తొలగించి అన్ డేంగన్ అను ఐరిషు పేరును మాత్రమే ఉంచినది. స్వభాషాభిమానముతో చేసిన పనియే. కాని ఊరివారు ఒప్పుకొనలేదు. లోకమెల్ల తమ ఊరిని డింగిల్ అనియే ఎరుగునని, అది తమ పూర్వులు పలికిన పేరేనని వాదించిరి. 2006లో ఓట్లు తీసికొనగా, ఇంగ్లీషు పేరును ఐరిషు పేరును రెండును ఉండవలెనని అత్యధికులు కోరిరి. 2011లో చట్టము ఆ కోరికను అంగీకరించినది. తమను అడుగకుండ చేసిన మేలును సైతము జనులు మేలుగా ఎంచరని ఇందువలన తెలియుచున్నది.

ఇక తెలంగాణమునకు తిరిగి వత్తము. నిజాము ఏలుబడిలో పాలమూరు మహబూబ్‌నగర్ అయినది. ఇందూరు నిజామాబాదు అయినది. అయినను దేశములోని ఆనకట్టలకు రాళ్లు మోసిన కూలీలను లోకము పాలమూరు కూలీలనియే పిలిచినది. తట్టతోపాటు ఊరి పేరును కూడ వారు నెత్తిన మోసిరి. పూర్వపు నల్లగొండ జిల్లాలోనే యాదగిరిగుట్టను 2015 ప్రాంతమున యాదాద్రి అని మార్చిరి. 2024లో తిరిగి యాదగిరిగుట్ట అనియే వ్యవహరింపవలెనని ప్రభుత్వము ప్రకటించినది. ఈ నడుమ మొక్కు తీర్చుకొనవచ్చిన ముసలమ్మ గుట్టకు పోయి వచ్చితిననియే చెప్పుచుండెను.

మునగాల కథ మరియు విచిత్రము. ఆ పరగణా చుట్టును నిజాము రాజ్యము. అది మాత్రము మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చెందినది. 1953లో ఆంధ్ర రాష్ట్రమునకు, 1956లో ఆంధ్రప్రదేశమునకు, 1959లో నల్లగొండ జిల్లాకు, 2014లో తెలంగాణ రాష్ట్రమునకు, 2016లో సూర్యాపేట జిల్లాకు అది చేరినది. ఉత్తరముపై వ్రాయు చిరునామాలో అన్నియు మారినవి. మునగాల మాత్రము మారలేదు. ఆ మునగాల ప్రభువు నాయని వెంకటరంగారావుగారు, వారి దివాను కొమర్రాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగువారు కలసి 1901లో హైదరాబాదులో ఒక గ్రంథాలయమును స్థాపించిరి. దానికి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమని పేరు పెట్టిరి. తెలుగు కచేరీ భాష కాని రోజులలో, రాజధాని నడుమ, ఆంధ్ర భాష అను మాటను గుమ్మముపై వ్రాయుట సామాన్య కార్యము కాదు. ఇదియు పేరు పెట్టుటయే; కాని ఇతరుల ఊరి పేరును చెరిపి కాదు, తాము కట్టుకొన్న ఇంటికి తామే పెట్టుకొన్న పేరు. గ్రంథాలయమునకును పేర్లకును గల సంబంధము ఇట్లు పాతది.

కావున ఈ రజతోత్సవ సందర్భమున ఒక విన్నపము. సాగరపు నీటిలో లోయలోని పుల్లారెడ్డిగూడెము, ఎడమయొడ్డున ఏలేశ్వరము మునిగినవి. వానివంటి మరికొన్ని ఊళ్లును మునిగినవి. ప్రాచీన శిల్పములను తవ్వి తీసి కొండమీద మ్యూజియములో భద్రపరచిరి. అది మంచి పని. కాని ఆ ఊళ్ల చేల పేర్లను, బావుల పేర్లను, పశువులు నీరు త్రాగిన రేవుల పేర్లను భద్రపరచిన మ్యూజియము లేదు. నీరు వచ్చినప్పుడు పదేండ్ల పిల్లవాడుగా మూట నెత్తిన పెట్టుకొని నడచినవాడు నేడు డెబ్బది దాటిన వృద్ధుడు. అతనితో ఆ పేర్లు పోవును.

మునగని ఊళ్లకును ఇదే ప్రమాదము మరియొక రూపమున కలదు. పట్టా పుస్తకములో సర్వే నంబరు ఉండును. మర్రికుంట చెలక అని ఉండదు. తాత ఆ పేరుతో పిలిచెను. తండ్రి నంబరుతో పిలిచెను. కుమారుడు ప్లాటు అని అమ్మును. ప్రభువు ఆజ్ఞతో పోయిన పేరుకై పోరాడువారు ఉందురు. అజాగ్రత్తతో పోయిన పేరుకై అడుగువారే ఉండరు.

గ్రంథాలయము ఒక దళసరి పుస్తకమును కుట్టించి బల్లపై ఉంచవలెను. ఊరిలోని ప్రతి కుంట, ప్రతి చెలక, ప్రతి దిబ్బ, ప్రతి దారి పేరును అందు వ్రాయవలెను. చెప్పినవారు ఎట్లు పలికిరో అట్లే వ్రాయవలెను; దిద్దరాదు. అర్థము చెప్పినచో అది వారు చెప్పినదని వ్రాయవలెను. ఊహను చరిత్రగా వ్రాయరాదు. పురాణమును అంటగట్టి పేరును పెద్దచేయవలసిన పని లేదు. నేరేడు చెట్టు చాలును. ఏ కులమువారి వాడనైనను, ఏ మతమువారి వీధినైనను విడువరాదు. పెద్దల నడిగి వ్రాయు పనిని బడిపిల్లలకు అప్పగించినచో ఒక్క వేసవి సెలవులలో సగము పూర్తియగును.

ఊరి పేరు ఎవరిది అను ప్రశ్నకు సమాధానము కష్టమైనది కాదు. పెట్టినవారిది కాదు, పలుకువారిది. హుజూర్‌నగర్ పేరు హుజూరుది కాదు, అచట కాపురముండువారిది. మార్చవలసినచో వారినే అడుగవలెను. మార్చినను పాతదానిని వ్రాసియుంచవలెను. వ్రాసియుంచిన పేరు నీటిలో మునిగినను ఒకనాడు పైకి వచ్చును. నందికొండయే అందుకు సాక్ష్యము.