చేతిపనికొక చిరునామా



పూర్వము గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములకు దూరప్రాంతములనుండి కవులును పండితులును వచ్చుచుండెడివారు. తిరుపతి వేంకటకవులును ఈ సంస్థానములను దర్శించినవారే. అట్టివారు తమకు విద్య గలదని చెప్పుకొని ఊరకుండలేదు. సభయెదుట అవధానమొనర్చి చూపిరి. చూచినవారు మెచ్చిరి. విద్య గలిగియుండుట యొకటి, దానిని పదుగురకు చూపుట వేరొకటి.

అమరచింత మగ్గముల ఊరు. ఇచ్చట నేసిన చీర నగరములకు పోవును. కాని చీర పోయినచోటికి నేసినవాని పేరు పోదు, అమ్మిన దుకాణము పేరే నిలుచును. కట్టుకొన్న ఇల్లాలికి అంచు నచ్చి, అట్టిదే మరియొకటి కావలెనన్నచో నేసినవారినెట్లు వెదకగలదు? ఈ లోపమును కొంత తీర్చు సాధనము వెబ్‌సైటు. చేసిన పనులను బొమ్మలతో, వివరములతో ఒకచోట అమర్చి లోకమునకు చూపు పుటలివి.

1989లో జెనీవా సమీపమునగల సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన వరల్డ్ వైడ్ వెబ్‌ను ఆ సంస్థ 1993 ఏప్రిలు 30న ఎల్లవారికిని ఉచితముగా విడిచిపెట్టెను. తొలినాళ్లలో పుట కట్టవలెనన్నచో కోడు వ్రాయుట నేర్వవలసియుండెను. పిదప 2003లో వర్డ్‌ప్రెస్, 2006లో విక్స్, 2008లో గూగుల్ సైట్స్ వచ్చెను. ఇట్టివానియందు ముందే తీర్చియుంచిన నమూనాలు గలవు. వానినుండి ఒకటి ఎన్నుకొని, బొమ్మను కావలసినచోట నిలిపి, మాటలు టైపు చేసినచో చాలును. లోపలి కోడును ఆ యంత్రమే వ్రాసికొనును.

“కోడు రానివాడు చేసినది సొంతపని యగునా?” యని కొందరు సందేహింతురు. దీనికి సమాధానము మగ్గమునందే గలదు. 1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశమందలి లియాన్ నగరమున జకార్డు తన మగ్గమునకు రంధ్రములు గల అట్టలు పెట్టెను. రంధ్రమును బట్టి పడుగుపోగు లేచును, పువ్వు తేలును. ఆ అట్టలనే తన గణనయంత్రమున వాడదలచినవాడు ఇంగ్లండు దేశీయుడైన బాబేజి. కంప్యూటరు పుట్టుకకు మగ్గముతో చుట్టరికము గలదన్నమాట! అట్టలు గుచ్చుట వేరొకరి పని యైనను, ఆ చీర నేసినవాడు నేతగాడే గదా!

ఆరంభమునకు మూడు పుటలు చాలును: పరిచయము, పనులు, చిరునామా. నూరు బొమ్మలకన్న పండ్రెండు మంచి బొమ్మలు మేలు. చీరను పగటివెలుతురున పరచి నిండుగ నొకటి, అంచును కొంగును దగ్గరనుండి నొకటి, వెనుకవైపు నొకటి తీయవలెను. క్రింద నూలు ఏది, పట్టు ఎంత, జరీ ఎట్టిది, ఎన్ని దినములు పట్టినది వ్రాయవలెను. ఉన్నదున్నట్లే వ్రాయవలెను, ఒక్క అబద్ధము పండ్రెండు బొమ్మల పరువు తీయును. 1991 నాటి యూనికోడు తొలికూర్పునందే తెలుగు లిపికి స్థానము లభించినది గావున తెలుగుననే వ్రాయవచ్చును. దూరదేశపు గిరాకీకై ఇంగ్లీషున నాలుగు మాటలు చేర్చిన చాలును. చూచువారిలో పెక్కుమంది సెల్‌ఫోనుననే చూతురు గనుక అందులో ఎట్లు కనబడునో ముందుగా పరీక్షింపవలెను.

ఒక భయము నిజమైనది. బొమ్మ పెట్టినచో మరమగ్గమువారు అంచును దొంగిలింపరా? దొంగిలింపవచ్చును. గద్వాల చీరకు 1999 నాటి భౌగోళిక సూచికల చట్టము క్రింద నమోదు గలదు గాని, అది పేరును కాపాడును; ప్రతి క్రొత్త డిజైనును కాపాడదు. డిజైనుకు 2000 నాటి చట్టము వేరుగా గలదు. దానిక్రింద నమోదు కోరువారు బొమ్మను లోకమునకు చూపకమునుపే దరఖాస్తు చేయవలెను. కావున క్రొత్త నమూనాను దాచి, అమ్మిన పాతపనులను ముందు చూపుట వివేకము.

మరియొక జాగ్రత్త. సొంత చిరునామాకు ఏటేట రుసుము చెల్లింపవలెను. అది సాయము చేసిన కుర్రవాని పేర గాక నేతగాని పేరనే ఉండవలెను. సంకేతపదము అతనియొద్దనే ఉండవలెను. లేనిచో దుకాణము పోయి మరియొక దళారి వచ్చినట్లగును.

ఇదంతయు ఎందులకు? నైజాము రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమని ఒకరు వ్రాసినపుడు సురవరం ప్రతాపరెడ్డిగారు వాదించి కూర్చుండలేదు. 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించి చూపిరి. పాలమూరు మట్టిలో పుట్టిన ఆ బదులు నేటికిని నిలిచియున్నది. లేరన్నవారికి పేరు పేరున చూపుటకన్న మించిన సమాధానము లేదు.

అయితే ఆ సంచిక అచ్చయినది గనుక నిలిచినది. వెబ్ పుట అట్లుకాదు. 1994లో మొదలైన జియోసిటీస్‌లో లక్షలాది జనులు ఉచితముగా పుటలు కట్టుకొనిరి. 2009లో అమెరికాలో దానిని మూసివేయగా వానిలో పెక్కు మాయమయ్యెను. కావున ప్రతి పుటకు ఒక నకలు ఇంటను, అచ్చుప్రతి ఒకటి గ్రంథాలయమునను ఉంచవలెను. ఇరువదియైదేండ్లుగా పుస్తకములను కాచిన బీరువాలో నేతగాండ్ర పనుల పుటలకును ఒక అర దొరకకపోదు. వారమునకొక సాయంకాలము చదువుకొన్న పిల్లలు ఇచ్చట కూర్చుండి పెద్దలకు ఈ పని నేర్పవచ్చును. బదులుగా పెద్దలు వారికి అంచుల పేర్లు నేర్పవచ్చును.

వెబ్‌సైటు పెట్టిన మరునాడే గిరాకీ వచ్చునని ఆశపడరాదు. చిరునామా వ్రాసిన చీటిని ప్రతి చీరమడతలోను ఉంచవలెను. ఎన్నడో ఒకనాడు ఎచ్చటనో ఒక ఇల్లాలు ఆ మడత విప్పి, చీర అంచుతోపాటు నేసినవాని పేరును చదువును. అమరచింత మగ్గమునకు ఆనాడు ఆమె యింట గుర్తింపు కలుగును.