చేతిపనికి తగిన వెల



నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాల నకాషీ చిత్రకారుల పూర్వులకు అంగడితో అంతగా పని యుండెడిది కాదు. కులపురాణములు చెప్పు కథకులే వారిచేత పటములు వ్రాయించుకొని పోయెడివారు. ఆ కథకులు తగ్గిపోగా, చిత్రకారులు కొనువారిని వెదకుచు హైదరాబాదునకు రావలసివచ్చెను. పొడుగు పటము గోడకు పట్టు చిన్న చిత్రమాయెను. రంపపుపొట్టు, చింతగింజల ముద్దతో చేయు బొమ్మలు ఇంటి అలంకారములాయెను.

నగరమున చేతిపనివారికి రెండు దారులు కలవు. 1938లో పబ్లిక్ గార్డెన్సునందు ఆరంభమై, 1946లో నాంపల్లి మైదానమునకు మారిన నుమాయిష్ మొదటిది. సాధారణముగా జనవరి 1న మొదలై 46 దినములు సాగు ఆ ప్రదర్శనలో అమ్మిన సొమ్ము అప్పుడే చేతికి వచ్చును. కాని అంగడిలో కూర్చున్నన్నాళ్లు కుంచె పట్టుటకు వీలుండదు. రెండవది, ఆబిడ్సు చెంత గన్‌ఫౌండ్రీలోని ప్రభుత్వ హస్తకళల విక్రయశాల వంటి దుకాణము. సరకు అక్కడ అప్పగించి, ఇంట పని సాగించుకొనవచ్చును. కాని కొనువాని మాట చెవినపడదు, అమ్మకపు ఖర్చును వెలలోనే ఇమడవలెను.

ఏ దారియైనను చిక్కు ఒక్కటే. గుడ్డ, రంగుల ఖర్చు లెక్కకు వచ్చును. గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి ఆ గుడ్డను ఆరబెట్టిన వేళ లెక్కకు రాదు. బేరమాడి తగ్గించునది రంగు ధరను కాదు, కూలిని. కూలి గిట్టనిచో కొడుకు కుంచె పట్టడు.

కావున నగరమునకు పోయిన గ్రామస్థులు చేతిపని వస్తువును చూచినపుడు, “ఎంతకు తగ్గింతువు?” అనుటకు ముందు “ఎన్నాళ్లు పట్టినది?” అని యడుగుదురు గాక!