ఒరుల వివరములు మన చేతిలో
(గ్రామ వర్తకుల సమావేశమున చేసిన ప్రసంగము)



మేము గ్రామములు తిరుగునపుడు తరచు చూచునదొకటి మనవి చేయుదుము. దుకాణమునకు వచ్చిన రైతు ఆధార్ కార్డును వర్తకుడు ఫోనుతో ఫోటో తీసికొనును. రైతు సరకుతో ఇల్లు చేరును. ఫోటో మాత్రము ఫోనులోనే నిలిచిపోవును. రేపా ఫోను మోసగాని చేత పడినచో నష్టపోవునదెవరు? మనలను నమ్మిన రైతే కదా!

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును ఆమోదించినది. 2025 నవంబరులో నియమములు వెలువడినవి. అవి దశలవారీగా అమలునకు వచ్చునట్లు ఏర్పాటైనది. ఫోనులో, కంప్యూటరులో ఎక్కించిన వివరములకు ఈ చట్టము వర్తించును.

దీని సారాంశము సులభమైనది. వివరములెందులకో ముందుగా తెలుపవలెను. తెలుగున కోరినవారికి తెలుగుననే తెలుపవలెను. సమ్మతి పొందవలెను. అవసరమైనంతవరకే తీసికొనవలెను. పని తీరి, వేరొక చట్టము ఉంచుమననిచో, తుడిచివేయవలెను. పదునెనిమిదేండ్లు నిండని పిల్లల విషయమున తలిదండ్రుల అనుమతి కావలెను. వివరములు బయటపడినచో దాచిపెట్టరాదు. సంబంధించినవారికిని, బోర్డునకును తెలియజేయవలెను. తగిన రక్షణ చేయనివారికి జరిమానా 250 కోట్ల రూపాయలవరకు ఉండవచ్చును. తప్పు తీవ్రతను బట్టి బోర్డు దానిని నిర్ణయించును.

జరిమానాకు వెరచి కాదు, నమ్మకము నిలుపుకొనుటకే ఈ జాగ్రత్త. ఇల్లు చేరినవెంటనే ఫోను తెరచి, పని తీరిన ఫోటోలను తుడిచివేయుడు. ఫోనునకు తాళపు సంకేతము పెట్టుడు. ఈ రెండు పనులకు కాసు ఖర్చు లేదు.